తేదీకీ రూపానికీ పొత్తు కుదిరిందా? 1907 నమూనా బాయ్‌నెట్లలో అసలు, నకలు

పాత బ్రిటిష్ బాయ్‌నెట్ అలుగు మొదట్లో కిరీటం గుర్తు, దాని దగ్గర్లో 1907 అన్న అంకె కనిపిస్తే, అది తయారైన సంవత్సరం అనుకునేవాళ్లే ఎక్కువ. అది నమూనా సంఖ్య మాత్రమే. తయారీ తేదీ విడిగా చిన్న అంకెలతో ఉంటుంది: ముందు నెల, తర్వాత సంవత్సరంలోని చివరి రెండంకెలు. 5 పక్కన 16 ఉంటే 1916 మే అని అర్థం. అసలు ఈ నమూనాను సైన్యం స్వీకరించినట్టు అధికారిక ప్రకటన వచ్చిందే 1908 జనవరి చివర్లో. కాబట్టి ‘ఇది 1907లో చేసింది’ అని ఎవరైనా అమ్మజూపితే, ఆ వస్తువు నకిలీ అని తేలినట్టు కాదు. అమ్మేవారికి దాన్ని చదవడం రాదని మాత్రమే తెలిసింది. అమ్మేవారి కథ వేరు, వస్తువు ఇచ్చే సాక్ష్యం వేరు. ఈ రెంటినీ కలిపేయడం వల్ల అసలు వస్తువులు నకిలీలుగా, నకిలీలు అసలువిగా చెలామణీ అవుతున్నాయి.

అమెరికా బాయ్‌నెట్లదీ ఇదే సంగతి. 1917 నమూనా బాయ్‌నెట్లను మొదటి ప్రపంచ యుద్ధంలో లక్షల్లో చేశారు. షాట్‌గన్లకు తొడగడానికి వాటినే మళ్లీ 1960లలో జనరల్ కట్లరీ, కెనడియన్ ఆర్సెనల్స్ సంస్థల చేత కొత్తగా చేయించారు. వాటి మీద ఉన్న పేర్లు చూసి, 1917 నాటి సంస్థలు కావు గనుక నకిలీలని తోసేయడం తప్పు. అవి సైన్యం కోసం చేసినవే, యాభై ఏళ్లు ఆలస్యంగా చేసినవి. ‘పాతదా?’ అన్న ప్రశ్న, ‘సైన్యానిదా?’ అన్న ప్రశ్న రెండూ ఒకటి కావని ఈ ఉదాహరణ చెబుతుంది.

బాయ్‌నెట్లు దేశానికో తీరుగా ఉంటాయి. ఒకదానికి పనికొచ్చే పరీక్ష మరొకదానికి పనికిరాదు. అందుకే ఇక్కడ ఒక్క నమూనానే తీసుకుని లోతుగా చూస్తున్నాను. 1907 నమూనాను ఎంచుకోవడానికి కారణం, దాని తయారీలో వచ్చిన మార్పులకు కాగితం మీద రికార్డు ఉండడమే. పైగా ఇది మన దేశంలోనూ తయారైంది. మన పోలీసుల భుజాన దశాబ్దాలపాటు కనిపించిన త్రీ నాట్ త్రీ రైఫిళ్లలో పొట్టి రకం లీ-ఎన్‌ఫీల్డ్‌కు తొడిగేది ఈ బాయ్‌నెట్‌నే.

వస్తువు స్వరూపం ముందు చూద్దాం. అలుగు పొడవు 17 అంగుళాలు, అంటే దాదాపు 43 సెంటీమీటర్లు. పిడితో కలిపి 55 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. అంతకుముందు వాడిన 1903 నమూనా అలుగు 12 అంగుళాలే. కొత్త రైఫిల్ పొట్టిదైంది కాబట్టి సిపాయికి అందుబాటు తగ్గకూడదని అలుగు పెంచారు. రూపానికి ఆదర్శం జపాన్ టైప్ 30 బాయ్‌నెట్. అలుగుకు రెండు వైపులా బరువు తగ్గించే పొడవాటి గాడి, పిడికీ అలుగుకీ మధ్య అడ్డంగా ఉక్కు పట్టీ, ఆ పట్టీలో పైవైపున ఒక వలయం, పిడికి రెండు చెక్క పలకలు, చివర ఉక్కు దిమ్మ, దిమ్మలో గాడి, నొక్కితే విడిపోయే బొత్తాం. ఈ రైఫిల్‌కు సంబంధించి ఒక విశేషం ఉంది. వలయం తొడిగేది తుపాకీ గొట్టానికి కాదు, గొట్టం మూతి కింద ముందు కవచానికి ఉన్న బుడిపెకు.

నకిలీని పట్టడంలో అందరూ ఒక్క గుర్తు కోసం వెతుకుతారు, అది దొరికితే పని అయిపోయిందనుకుంటారు. నా పరిశీలనలో ఏ ఒక్క గుర్తూ అంత బరువు మోయదు. బరువు మోసేది గుర్తుల మధ్య పొత్తు. తేదీ ఒక కాలాన్ని చెబుతుంది. రూపం, రాజముద్ర, మరలు, చెక్క అదే కాలాన్ని చెప్పాలి. చెప్పకపోతే ఎందుకు చెప్పడం లేదో వివరణ ఉండాలి.

దీనికి అన్నిటికన్నా మంచి ఉదాహరణ కొక్కెం. మొదట్లో చేసిన 1907 బాయ్‌నెట్లకు అడ్డపట్టీ కింది కొస అలుగు మొన వైపుకు వంగి కొక్కెంలా ఉండేది. శత్రువు బాయ్‌నెట్‌ను అందులో ఇరికించి మెలితిప్పాలన్నది ఉద్దేశం. ఆచరణలో అది కలిసిరాలేదు. 1913లో కొక్కెం తీసేశారు. అప్పటికే వాడకంలో ఉన్నవాటిలో చాలావాటి కొక్కేలను సైన్యం మరమ్మతు శాలల్లోనే కోసి, కొసను గుండ్రంగా అరగదీశారు. ఫలితంగా కొక్కెంతో మిగిలినవి అరుదు, సేకర్తలు వాటికి చాలా ఎక్కువ ధర పెడతారు. ధర ఉన్నచోట వెల్డింగ్ కూడా ఉంటుంది. మామూలు బాయ్‌నెట్‌కు కొక్కెం అతికించి అమ్మడం ఈ రంగంలో తెలిసిన మోసమే.

ఇక్కడ తేదీ చూడాలి. బ్రిటన్‌లో 1917లో చేసినట్టు ముద్ర ఉన్న బాయ్‌నెట్‌కు కొక్కెం ఉంటే, ఆ రెంటిలో ఒకటి అబద్ధం. 1911 ముద్ర ఉండి కొక్కెం ఉంటే అది సాధ్యమే, కానీ రుజువు కాలేదు. ఎందుకంటే 1911 నాటి అసలు బాయ్‌నెట్‌కు సైన్యం తీసేసిన కొక్కేన్ని ఎవరైనా మళ్లీ అతికించి ఉండవచ్చు. అలాంటప్పుడు అలుగు అసలుది, ముద్రలు అసలువి, కొక్కెం ఒక్కటే నకిలీ. మొదటి నుంచీ ఉన్న కొక్కెం పట్టీతో ఏకఖండంగా ఉంటుంది. భూతద్దంతో వంపు మొదలయ్యే చోట చూస్తే లోహం రంగు మారడం, అరగదీసిన గీతలు ఒక్క చోటే దట్టంగా ఉండడం, పట్టీ మందంలో చిన్న మెట్టు వంటివి అతుకును సూచిస్తాయి. అతుకు మీద పైపూత వేసి కప్పేస్తే కంటికి ఏమీ దొరకదు. ఎక్స్‌రే తీస్తే లోపలి సందులు, బుడగలు కనిపించే అవకాశం ఉంది. ఆసిడ్ పెట్టి లోహపు పొరలు బయటపెట్టే పరీక్ష కూడా ఉంది గానీ అది వస్తువును పాడుచేస్తుంది, ఇంట్లో ఎవరూ చేయకూడదు.

కొక్కేనికి తోడు రంధ్రం. 1916 తొలి నెలల్లో పిడి చివరి దిమ్మకు ఒక చిన్న రంధ్రం పెట్టాలని నిర్ణయించారు. లోపలి గాడిలో పేరుకున్న మట్టి బయటికి పోవడానికి ఇది అవసరమైంది; కందకాల యుద్ధం ఆ సంగతి నేర్పింది. అంతకుముందువి మరమ్మతుకు వచ్చినప్పుడు వాటికీ రంధ్రం కొట్టారు. ఇప్పుడు ఈ రెండు మార్పులనూ కలిపి చదవండి. 1911 తేదీ, కొక్కెం లేదు, రంధ్రం ఉంది: ఇది సైన్యంలో మామూలుగా బతికిన వస్తువు. 1911 తేదీ, కొక్కెం ఉంది, రంధ్రం లేదు: ఏ మరమ్మతు శాలకూ పోకుండా మిగిలిందన్న కథకు అతుకుతుంది. 1911 తేదీ, కొక్కెం ఉంది, రంధ్రమూ ఉంది: 1916 తర్వాత మరమ్మతు శాలకు పోయిందన్నమాట, మరి అక్కడ కొక్కెం ఎందుకు తీయలేదు? ఇది సందేహమే తప్ప తీర్పు కాదు. అన్ని మరమ్మతు శాలలూ ఒకేలా పనిచేయలేదు. కానీ ఆ ప్రశ్నకు జవాబు దొరికేదాకా కొక్కేనికి అదనపు ధర ఇవ్వడం తొందరపాటు.

ఈ లెక్క బ్రిటన్‌కే. ఆస్ట్రేలియాలోని లిత్గో కర్మాగారం కూడా ఈ నమూనా చేసింది. లండన్‌లో నిర్ణయమైన మార్పు అక్కడ అదే నెలలో అమలు కాలేదు. లిత్గో ముద్ర ఉన్నదాన్ని బ్రిటన్ తేదీలతో కొలిచి నకిలీ అనడం అన్యాయం. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఆస్ట్రేలియా బాయ్‌నెట్ల చెక్క పలకల మీద ‘స్లాజ్’ అన్న ముద్ర, పక్కన సంవత్సరం కనబడతాయి. టెన్నిస్ రాకెట్లకు పేరుపడ్డ స్లాజెంజర్ కంపెనీ యుద్ధకాలంలో చెక్క పని చేసిపెట్టింది. తెలియనివాళ్లకు అది ఎవరో నకిలీవాడు వేసిన పిచ్చి ముద్రలా అనిపిస్తుంది. నిజానికి అసలుదనానికి అది మంచి సాక్ష్యం.

రాజముద్రకూ ఇదే న్యాయం. ఏడో ఎడ్వర్డ్ 1910 మేలో చనిపోయాడు. ఆయన పేరును సూచించే ఇ.ఆర్. అక్షరాలు 1915 తేదీ పక్కన ఉంటే ఆ రెండూ కలిసి నిలబడవు. ఐదో జార్జి, ఆరో జార్జి ఇద్దరికీ జి.ఆర్. అక్షరాలే. మన దేశంలోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ ముద్రల్లో చివర ఐ అన్న అక్షరం చేరుతుంది, చక్రవర్తి అన్న అర్థంలో. ఆ బిరుదును ఆరో జార్జి 1948 జూన్‌లో వదులుకున్నాడు. 1950ల తేదీతో జి.ఆర్.ఐ. కనిపిస్తే ఆగి ఆలోచించాలి.

తయారీదారుల పేర్లలో తరచు కనిపించేవి విల్కిన్‌సన్, శాండర్సన్, చాప్‌మన్, మోల్, ఎన్‌ఫీల్డ్. నకళ్లు చేసేవాళ్లకు ఈ పేర్లన్నీ తెలుసు, కాబట్టి పేరు ఉండడం ఏ రుజువూ కాదు. పేరు ఎలా పడిందన్నదే చూడాలి. గట్టి ఉక్కు అచ్చుతో కొట్టిన ముద్రలో లోహం పక్కలకు తోసుకుపోతుంది. అక్షరం అడుగు పదునుగా ఉంటుంది, ఒక వైపు లోతు ఎక్కువ, మరో వైపు తక్కువ కావచ్చు, ఎందుకంటే కొట్టింది మనిషి చెయ్యి. పోతపోసిన ముద్రకు అంచులు మెత్తగా, మైనం కరిగినట్టు ఉంటాయి. లేజర్‌తో చెక్కినదానికి లోతు అంతటా ఒకేలా ఉండి, అడుగున సన్నని సమాంతర గీతలు కనిపించవచ్చు. అలుగు మొదట్లో రెండో వైపున తనిఖీదారుల చిన్న కిరీటాలు, ప్రభుత్వ ఆస్తి అని చెప్పే వెడల్పు బాణం, అలుగును వంచి చూసిన పరీక్షకు వేసే ఇంటూ గుర్తు ఉంటాయి. ఇవి వేర్వేరు రోజుల్లో, వేర్వేరు చేతులు కొట్టిన గుర్తులు. అన్నీ ఒకే లోతులో, ఒకే వరుసలో, ఒకే అచ్చుతో పడినట్టుంటే ఎవరో కూర్చుని ఒక్కసారే కొట్టారని అనుమానించవచ్చు. తర్వాతి సంవత్సరాల్లో మళ్లీ జారీ చేసిన తేదీలు కూడా అక్కడే కిక్కిరిసి ఉంటాయి. శుభ్రంగా, అందంగా అమరిన ముద్రలకన్నా ఇరుకుగా, వంకరగా ఉన్న ముద్రలనే నేను ఎక్కువ నమ్ముతాను.

రెండు వెడల్పు బాణాలు మొనలు ఎదురెదురుగా తాకుతున్నట్టుంటే అది సైన్యం అమ్మేసిందన్న గుర్తు. బాణంతో పాటు ఐ అక్షరం ఉంటే భారత ప్రభుత్వ ఆస్తి.

లోహ పరీక్ష గురించి అపోహలు ఎక్కువ. అయస్కాంతం అంటుకుంది కాబట్టి అసలుదంటారు కొందరు. గోడకు తగిలించే చౌక నకళ్లలో పిడి దిమ్మను జింకు మిశ్రమంతో పోస్తారు, దానికి అయస్కాంతం అంటుకోదు, అంతవరకు ఆ పరీక్ష పనికొస్తుంది. కానీ కత్తులకు వాడే స్టెయిన్‌లెస్ ఉక్కుకు అయస్కాంతం చక్కగా అంటుకుంటుంది. షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ క్రోమియం కలిపిన తుప్పుపట్టని ఉక్కును కరిగించింది 1913లో. శాండర్సన్, చాప్‌మన్ కంపెనీలు బాయ్‌నెట్లు చేసింది అదే ఊళ్లో. అయినా 1907 నమూనా అలుగులు మామూలు కార్బన్ ఉక్కువే. మ్యూజియంలలో, లోహశాస్త్ర ప్రయోగశాలల్లో వాడే చేతి ఎక్స్‌ఆర్‌ఎఫ్ పరికరం వస్తువుకు గీత పడకుండా క్రోమియం ఎంతుందో చెప్పగలదు. అలుగులో పన్నెండు పదమూడు శాతం క్రోమియం తేలితే ఇక చర్చ అక్కర్లేదు. తేలకపోతే? అప్పుడు ఏదీ రుజువు కాదు. ఆ పరికరం కార్బన్‌ను కొలవలేదు, నేటి నకలుదారులు కూడా కార్బన్ ఉక్కే వాడవచ్చు. ఆ పరీక్ష కొట్టిపారేయడానికి పనికొస్తుంది, నిర్ధారించడానికి కాదు.

చెక్క పలకలు, మరలు మార్చుకోగలిగిన భాగాలు కాబట్టి వాటికి తక్కువ బరువు ఇవ్వాలి. ప్లస్ ఆకారపు గాడి ఉన్న ఫిలిప్స్ మరకు పేటెంట్లు వచ్చింది 1936లో. 1915 బాయ్‌నెట్‌కు అలాంటి మర ఉంటే కనీసం మర కొత్తది. పలకలకు అడ్డంగా రెండు లోతైన గాట్లు ఉంటే అవి 1913 నమూనావి. వేరే రైఫిల్‌కు చెందిన ఆ బాయ్‌నెట్ చూడ్డానికి దాదాపు ఇలాగే ఉంటుంది కాబట్టి, సిపాయి తికమక పడకుండా ఆ గాట్లు పెట్టారు. తుప్పును నమ్ముకోవడం మరీ ప్రమాదం. ఆసిడ్‌తో వారంలో తెప్పించవచ్చు. నారింజ రంగులో, అలుగంతా ఒకే తీరుగా, చేతికి అంటే తుప్పు కొత్తది. నల్లటి గోధుమ రంగులో, తేమ నిలిచే చోట్ల లోతుగా దిగి, ఒర కప్పిన చోట తక్కువగా ఉండేది పాతది కావడానికి వీలుంది.

ఇక ఇషాపూర్ సంగతి. ఈ వ్యాసం రాయడానికి అసలు ప్రేరణ అదే.

కోల్‌కతాకు ఉత్తరాన హుగ్లీ ఒడ్డున ఉన్న ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు, వాటి బాయ్‌నెట్లు తయారయ్యాయి. వాటి మీద ఆర్.ఎఫ్.ఐ. అన్న అక్షరాలు ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో 17 అంగుళాల అలుగు మోయడానికి, అడవుల్లో తిప్పడానికి అడ్డమైంది. పాత పొడవాటి అలుగులను 12 అంగుళాలకు కోసి మొన తీశారు. వాటిని మార్క్ 1 స్టార్ అన్నారు. గాడి ఉన్న అలుగును మధ్యలో కోశారు కాబట్టి గాడి దాదాపు మొనదాకా సాగుతుంది, కొన్నిసార్లు మొనలోనే కలిసిపోతుంది. తర్వాత 12 అంగుళాల అలుగులను గాడి లేకుండా కొత్తగానే చేశారు. అది మార్క్ 2. ఆ తర్వాతి మార్క్ 3లో పిడి దిమ్మ కూడా గుండ్రం పోయి చదరంగా, మొరటుగా మారింది. యుద్ధం ముదిరినకొద్దీ నునుపుకు సమయం లేదు. ఒరలను కూడా కోసి పొట్టివి చేశారు.

ఇప్పుడు ఈ వస్తువును ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో ఒక కొత్త సేకర్త చేతికి ఇవ్వండి. అలుగు పొట్టి, గాడి వింతగా ఆగింది, పిడి మొరటు, ఒక మూల ఇండియా గుర్తు. నకిలీ అనేస్తాడు. ఈ అనుమానానికి కొంత ఆధారం ఉంది కూడా: సినిమాలకు, పాత యుద్ధాలను మళ్లీ ప్రదర్శించే బృందాలకు అవసరమైన నకళ్లలో చాలా భాగం మన దేశంలోనే తయారవుతాయి. డెహ్రాడూన్‌లోని విండ్లాస్ స్టీల్‌క్రాఫ్ట్స్ వంటి సంస్థలు నకళ్లను నకళ్లుగానే, బాహాటంగా ఎగుమతి చేస్తున్నాయి. అందులో దాపరికం లేదు, తప్పూ లేదు. తప్పు జరిగేది రెండో చేతిలోనో మూడో చేతిలోనో, ముద్ర అరగదీసి తుప్పు పట్టించి పాతదని అమ్మినప్పుడు. కానీ దీనివల్ల ‘ఇండియా’ అన్న మాటే నకిలీకి పర్యాయమైపోయింది. ఇషాపూర్ కార్మికులు యుద్ధకాలంలో చేసిన పని ఆ తప్పుడు తూకంలో కొట్టుకుపోవడం నాకు బాధగా ఉంది. మొరటుతనం నకిలీకి సాక్ష్యం కాదు. నకలుకూ యుద్ధకాలపు పనికీ తేడా మరోచోట ఉంది. యుద్ధకాలపు పనిలో కంటికి కనిపించే పైభాగం మొరటుగా ఉన్నా, పనికి కీలకమైన చోట్ల, అంటే వలయం, దిమ్మలోని గాడి, బొత్తాం దగ్గర కొలతలు సరిగా ఉండాలి, లేకపోతే తుపాకీకి తగలదు, తనిఖీ దాటదు. అలంకారపు నకలులో సాధారణంగా దీనికి తలకిందులు: పైకి మెరుగు, లోపల వదులు. ఇది కూడా తిరుగులేని నియమం కాదు. తుపాకీకి సరిగ్గా అతికే నకళ్లూ ఉన్నాయి.

కాబట్టి అసలు, నకలు అన్న రెండు గదులు చాలవు. సైన్యం కోసం చేసి, సైన్యమే మార్చినవి ఒక రకం; ఇవి పూర్తిగా అసలువి. సైన్యం కోసం చేసి, తర్వాత లాభం కోసం ఎవరో మార్చినవి రెండో రకం. కొక్కెం అతికినవి ఇందులోకి వస్తాయి. మొత్తం కొత్తగా చేసినవి మూడోవి. అన్నిటికన్నా ప్రమాదకరమైనది రెండో రకమే అని నా నమ్మకం. అందులో ప్రతి అబద్ధానికీ పక్కనే ఒక నిజం ఉంటుంది. ఒర మీద తేదీ అలుగు తేదీతో కలవకపోవడం, దిమ్మ మీద పాత నంబరు కొట్టేసి కొత్తది వేయడం వంటివి మొదటి రకంలో మామూలు విషయాలు. అన్నీ అతికినట్టు సరిపోతున్న జత దొరికితే సంతోషించే ముందు, దాన్ని ఎవరు జతచేశారని అడగాలి.

ఇళ్లలో చెప్పుకునే కథల మాటేమిటి? మన జిల్లాల నుంచి సైన్యంలోకి వెళ్లినవాళ్లు తక్కువ కాదు. మద్రాస్ సాపర్స్ దళంలో తెలుగువాళ్లు తరతరాలుగా ఉన్నారు. పశ్చిమ గోదావరిలో మాధవరం అనే ఊరికి మిలటరీ మాధవరం అన్న పేరే స్థిరపడింది. ‘తాతగారు యుద్ధం నుంచి తెచ్చారు’ అన్న మాటను కొట్టిపారేయకూడదు. అయితే బాయ్‌నెట్ సిపాయి సొంత ఆస్తి కాదు, లెక్కలో ఉన్న ప్రభుత్వ వస్తువు, తిరిగి అప్పగించాల్సింది. అందుకని ఆ మాటకు తోడుగా డిశ్చార్జి కాగితం, యూనిట్ పేరు, పాత ఫొటో వంటివి ఏవైనా ఉన్నాయేమో చూడాలి. పతకాలు దీనికన్నా తేలిక; బ్రిటిష్ కాలపు పతకాల అంచు మీద చాలాసార్లు సిపాయి పేరు, నంబరు చెక్కి ఉంటాయి. బాయ్‌నెట్ మీద మనిషి పేరు ఉండదు. అలుగు ఫలానా యుద్ధకాలానిదని వస్తువు చెప్పగలదు, ఫలానా మనిషి చేతిలో ఉందని చెప్పలేదు. ఆ రెండో మాటకు కాగితమే సాక్ష్యం.

పోల్చి చూసుకోవడానికి లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియం, లీడ్స్ రాయల్ ఆర్మరీస్, ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్ తమ బాయ్‌నెట్ల వివరాలు, చాలావాటికి ఫొటోలతో సహా, అందరికీ అందుబాటులో పెట్టాయి. ఇయాన్ స్కెన్నర్టన్, రాబర్ట్ రిచర్డ్‌సన్ రాసిన గ్రంథం ఈ రంగంలో ఇప్పటికీ మొదట తెరిచే పుస్తకం. అయితే ఆ పుస్తకం కొనుక్కునేది సేకర్తలే కాదు, నకలుదారులూ. అందులోని బొమ్మలతో ముద్ర అచ్చంగా సరిపోయిందన్నది ఒక్కటే సాక్ష్యంగా తీసుకోవద్దు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మన ఆయుధాల చట్టం 1959 కింద చేసిన నిబంధనల్లో కత్తులు, బాకులతో పాటు బాయ్‌నెట్ పేరు స్పష్టంగా ఉంది. కొనడానికి, అమ్మడానికి, ఇంట్లో ఉంచుకోవడానికి ముందు తమ ప్రాంతంలో ఏ నియమం అమల్లో ఉందో పోలీసు కార్యాలయంలో గానీ న్యాయవాదిని గానీ అడిగి తెలుసుకోవాలి. అలాగే 1972 పురావస్తువుల చట్టం నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువులను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడాన్ని నిషేధించింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి బాయ్‌నెట్ ఇప్పుడు ఆ వయసు దాటింది. విదేశంలోని కొనుగోలుదారుకు పార్సిల్ కట్టే ముందు ఈ సంగతి గుర్తుండాలి.

ఇంట్లో పాత బాయ్‌నెట్ ఉన్నవాళ్లకు ఒక విన్నపం. గరుకు కాగితంతో రుద్దకండి, సాన పట్టించకండి, చింతపండు పెట్టి తోమకండి. తుప్పుతో పాటు ముద్రలూ పోతాయి, అవి పోయాక ఎంత పెద్ద నిపుణుడైనా చెప్పగలిగేది ఏమీ ఉండదు. పగటి వెలుగులో, పక్కన స్కేలు పెట్టి, అలుగు మొదట్లో రెండు వైపులా, పిడి దిమ్మ, అడ్డపట్టీ, ఒర ఫొటోలు తీయండి. ఇంట్లో పెద్దవాళ్లు దాని గురించి చెప్పే మాటలు వాళ్లు ఉన్నప్పుడే తేదీ వేసి రాసి పెట్టండి. అమ్మేవారికీ వేలంవారికీ ఒక మాట: వివరాల్లో ‘అసలుది’ అన్న ఒక్క ముక్క రాసి ఊరుకోకుండా, ఏ భాగం ఏ కాలానిదో, ఏ మార్పు ఎప్పటిదో తెలిసినంత రాయండి. గుర్తులు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు ‘నిర్ధారణ కాలేదు’ అని రాయడమే నిజాయితీ.